కంటికి కనబడని గుర్రం



పోయిన సంచికలో ఈ గోడపత్రిక కుడివైపు మూలన ఒక ఫోటో అంటించాం. ఎర్రటి మసక తెర, దాని మీద నల్లగా ఒక గుర్రం తల. కింద "హార్స్‌హెడ్ నెబ్యులా - మన స్కూలు గ్రౌండు నుంచి తీసినది" అని రాశాం. రెండు రోజులు కూడా కాలేదు. ఎవరో పెన్సిలుతో పక్కన "ఇది కంప్యూటర్ బొమ్మ. ఆకాశంలో ఇలాంటిది లేదు" అని రాసి పోయారు.

రాసింది ఎవరో నాకు తెలీదు. తెలిసినా నాకేం కోపం లేదు. ఎందుకంటే ఆ ఫోటో మొదటిసారి తెర మీద చూసినప్పుడు నేను కూడా సైన్స్ మేడమ్‌ని అదే అడిగాను. "మేడమ్, మనం రెండున్నర గంటలు చలిలో కూర్చున్నాం గదా, మనకి అక్కడ ఏమీ కనబడలేదు గదా, మరి ఇది ఎక్కడినుంచి వచ్చింది?" అన్నాను. ఈ రోజుల్లో కంప్యూటరుకి నోటితో చెబితే చాలు, లేని గుర్రాన్ని కూడా గీసి ఇస్తుంది. కాబట్టి అనుమానం రావడం తప్పు కాదు. అనుమానానికి జవాబు చెప్పకపోవడం తప్పు. అందుకే ఈ వ్యాసం.

ఆ గుర్రం ఎక్కడుంది?

ఈ రాత్రి అన్నం తిన్నాక వంటశాల వెనక్కి వెళ్ళి నిలబడండి. గేటు లైటు కంట్లో పడకుండా చెయ్యి అడ్డం పెట్టుకోండి. ఒకే వరుసలో, సమాన దూరంలో మూడు చుక్కలు కనబడతాయి. మా ఊళ్ళో వాటిని గొల్లకావిడి అంటారు. మా అవ్వ ఆ మూడు చుక్కలు ఎంత ఎత్తుకొచ్చాయో చూసి రాత్రి ఎంతయిందో చెప్పేది. ఇంగ్లీషు పుస్తకాల్లో వాటిని ఓరియన్ అనే వేటగాడి నడుముపట్టీ అన్నారు. మూడింటిలో తూర్పువైపు ఉన్న చుక్క పేరు ఆల్నిటాక్. దానికి దక్షిణంగా, నిండు చంద్రుడి వెడల్పు అంత దూరంలో మన గుర్రం ఉంది.

వెళ్ళి చూస్తే ఏమీ కనబడదు. ముందే చెబుతున్నాను, నిరాశ పడొద్దు. మేం తెచ్చిన ఆరంగుళాల టెలిస్కోపులో కన్ను పెట్టి చూసినా కనబడలేదు.

గుర్రం అంటే నిజంగా గుర్రం కాదు. అది దుమ్ము, వాయువు కలిసిన చల్లని మేఘం. మననుంచి దాదాపు 1,300 నుంచి 1,400 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. అంటే మన ఫోటోలో పడిన వెలుగు బయల్దేరినప్పుడు ఇక్కడ వేంగిలో చాళుక్యులు రాజ్యం చేస్తున్నారు. ఆ మేఘం వెనకాల హైడ్రోజన్ వాయువు పరుచుకుని ఉంది. దగ్గర్లోనే ఉన్న సిగ్మా ఓరియనిస్ అనే చాలా వేడి నక్షత్రం నుంచి వచ్చే అతినీలలోహిత కిరణాలు ఆ హైడ్రోజన్‌కి తగిలి, అది ఎర్రగా వెలుగుతుంది. దాని ముందు నల్ల మేఘం నిలబడింది. సాయంత్రం పొద్దుగూకేటప్పుడు కొండ అంచున ఎద్దు నిలబడితే ఎలా ఉంటుంది? వెనక ఆకాశం ఎర్రగా, ఎద్దు మాత్రం నల్లగా. దాని రంగు కనబడదు, ఆకారం కనబడుతుంది. ఇదీ అంతే.

మొదట చూసినామె ఎవరు?

ఈ గుర్రాన్ని మొదట గుర్తించింది టెలిస్కోపులో కాదు, ఫోటోలోనే. గుర్తించింది ఒక స్త్రీ. ఈ సంగతి తెలిశాకే నాకు ఈ ఫోటో మీద పట్టుదల వచ్చింది.

ఆమె పేరు విలియమీనా ఫ్లెమింగ్. 1857లో స్కాట్లాండులోని డండీలో పుట్టింది. పెళ్ళయ్యాక భర్తతో కలిసి అమెరికాలోని బోస్టన్‌కి వలస వెళ్ళింది. కడుపుతో ఉండగా భర్త వదిలేసి పోయాడు. బతకడానికి ఒక ఇంట్లో పనిమనిషిగా చేరింది. ఆ ఇంటి యజమాని హార్వర్డ్ వేధశాల డైరెక్టరు ఎడ్వర్డ్ పికరింగ్. ఆయన ఆమె తెలివి గమనించి వేధశాలలో ఉద్యోగం ఇచ్చాడు. అప్పట్లో ఫోటోలు గాజు పలకల మీద తీసేవాళ్ళు. భూతద్దం పెట్టి ఆ పలకల మీది చుక్కల్ని ఒక్కొక్కటిగా చూసి, లెక్కరాసి, వర్గీకరించడం ఆమె పని. అలా పది వేలకు పైగా నక్షత్రాలను వర్గీకరించింది.

డైరెక్టరు గారి తమ్ముడు విలియం పికరింగ్ 1888లో తీసిన ఒక పలక మీద, ఆల్నిటాక్ కింద వెలుగు మరకలో అర్ధచంద్రాకారంగా కొరికేసినట్టు ఒక నొక్కు ఉందని ఆమె గమనించి రాసింది. అదే మన గుర్రం తల. కానీ 1895లో అచ్చయిన నీహారికల పట్టికలో ఆమె పేరు వెయ్యలేదు, పికరింగ్ పేరు వేశారు. ఆ తరువాత 1908లో వచ్చిన రెండో పట్టికలో హార్వర్డ్‌లో ఆమె కనిపెట్టిన వాటికి ఆమె పేరు పెట్టారు. ఆమె 1911లో చనిపోయింది. 1919లో బర్నార్డ్ అనే శాస్త్రవేత్త ఆకాశంలోని నల్లటి మచ్చలన్నిటికీ పట్టిక వేసినప్పుడు దీనికి 33వ నంబరు ఇచ్చాడు. అంతకుముందు చాలామంది ఇవి నక్షత్రాల మధ్య ఖాళీలు, కన్నాలు అనుకునేవాళ్ళు. వీటిలో చాలావరకు వెలుగుకు అడ్డం నిలబడ్డ పదార్థమేనని మెల్లగా తేలింది.

మన తెలుగు నేల మీద కూడా గాజు పలకల పని జరిగింది. ఆకాశం మొత్తాన్ని ఫోటోలు తీసి పటం వెయ్యాలని 1887లో పారిస్‌లో అనేక దేశాల వాళ్ళు నిర్ణయించారు. ఆ పనిలో హైదరాబాదులోని నిజామియా వేధశాల కూడా తన వాటా పూర్తిచేసింది.

కంటికి కనబడనిది కెమెరాకి ఎలా కనబడింది?

ఇదే అసలు ప్రశ్న. ఓపిగ్గా చదవండి.

సన్నటి తుంపర పడుతోందనుకోండి. చెయ్యి చాపితే తడిసినట్టు కూడా ఉండదు. అదే తుంపరలో ఒక గిన్నె పెట్టి రాత్రంతా వదిలేస్తే తెల్లారేసరికి అడుగున నీళ్ళు ఉంటాయి. వాన పెరగలేదు. గిన్నె పోగుచేసింది, అంతే.

మన కన్ను చాపిన చెయ్యి లాంటిది. అది వెలుగును సెకనులో పదో వంతో, ఐదో వంతో పోగుచేసుకుని మెదడుకి పంపేస్తుంది. వెంటనే మళ్ళీ మొదలుపెడుతుంది. పాతది దాచుకోదు. అలా చెయ్యకపోతే పరిగెత్తే కుక్క మనకి పొడుగాటి గీతలా కనబడేది. కాబట్టి అది కంటి లోపం కాదు, కంటి పని అలాంటిది. కెమెరా గిన్నె లాంటిది. తలుపు తెరిచి 60 సెకన్లు ఉంచితే 60 సెకన్ల వెలుగూ పోగుచేసుకుంటుంది. దీన్ని ఎక్స్‌పోజర్ అంటారు.

ఇంకో సంగతి. చీకట్లో మన కంటికి రంగులు తెలీవు. మసక వెలుతురులో పనిచేసే కణాలు వేరు, రంగు చూసే కణాలు వేరు. మసకలో పనిచేసేవాటికి ముదురు ఎరుపు అసలు కనబడదనే చెప్పాలి. హైడ్రోజన్ నీహారిక వెలుగు ఆ ముదురు ఎరుపులోనే ఎక్కువ. అంటే మన గుర్రం రెండు రకాలుగా మన కంటినుంచి దాక్కుంది. ఒకటి, మసక. రెండు, ఎరుపు.

టెలిస్కోపు ఏం చేస్తుందంటే గిన్నె మూతి పెద్దది చేస్తుంది. చీకట్లో కంటిపాప 7 మిల్లీమీటర్ల దాకా తెరుచుకుంటుంది. మా టెలిస్కోపు అద్దం 150 మిల్లీమీటర్లు. వైశాల్యం లెక్క వేస్తే దాదాపు 450 రెట్లు. లెక్క తప్పనుకుంటే మాథ్స్ సార్‌ని అడగండి.

మొదటిసారి ఎందుకు పాడైంది?

ఈ టెలిస్కోపు మన స్కూలుది కాదు. సైన్స్ మేడమ్ గారి అక్కగారిది. ఆమె విశాఖపట్నంలో ఉంటారు. అక్కడ ఊరి వెలుతురుకి ఆకాశం నారింజ రంగులో ఉంటుందట, అందుకే చీకటి కోసం మన కొండలకి వచ్చారు. డిసెంబరు అమావాస్యకి మొదటిసారి వచ్చారు. ఆ రాత్రి ఒక్క మంచి ఫోటో కూడా రాలేదు. ఎందుకు రాలేదో చెబితేనే తరువాత ఎలా వచ్చిందో అర్థమవుతుంది.

మొదటి తప్పు, ధ్రువ నక్షత్రం. భూమి తిరుగుతుంది కాబట్టి చుక్కలు గంటకి 15 డిగ్రీలు జరుగుతాయి. గొల్లకావిడి దగ్గర లెక్క వేస్తే 60 సెకన్లలో చంద్రుడి వెడల్పులో సగం దూరం జరిగిపోతుంది. గుర్రం తల పొడవు అంతకంటే తక్కువ! అంటే టెలిస్కోపు కదలకుండా పెడితే గుర్రం తన పొడవుకు మించి జరిగి, ఫోటో అంతా చారలు పడుతుంది. అందుకని టెలిస్కోపుని మోటారున్న మౌంటు మీద పెడతారు. అది భూమికి ఎదురు దిశలో, అదే వేగంతో తిరుగుతుంది. ఆ మౌంటు ఇరుసుని ధ్రువ నక్షత్రం వైపు సరిగ్గా గురిపెట్టాలి. మన ప్రాంతంలో ధ్రువ నక్షత్రం నేలకి 18 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది. మన గ్రౌండుకి ఉత్తరాన ఏముంది? కొండ! ఆ రాత్రి ధ్రువ నక్షత్రం కొండ వెనకే ఉండిపోయింది. దిక్సూచి చూసి ఉజ్జాయింపుగా గురిపెట్టాం. ఫోటోలో ప్రతి చుక్కా బియ్యపు గింజలా పొడుగ్గా వచ్చింది.

రెండో తప్పు, ఫోకస్. చుక్క చిన్నగా కనబడితే సరిపోతుందనుకున్నాం. సరిపోలేదు.

మూడోది మంచు. పదకొండు దాటాక పొగమంచు లోయలోంచి పైకి లేచింది. టెలిస్కోపు గొట్టం మీద నీళ్ళు కారాయి.

నాలుగోది మన ఫ్లడ్ లైటు. దాని సంగతి చివర్లో చెబుతాను.

రెండోసారి ఏం చేశాం?

సంక్రాంతికి ఇళ్ళకు వెళ్ళి వచ్చాక, మళ్ళీ అమావాస్య రోజుల్లో ప్రయత్నించాం. ఈసారి ముందు వారమే నేనూ, మా క్లాసు అమ్మాయిలు ఇద్దరూ రోజూ రాత్రి గ్రౌండులో తలో చోట నిలబడి ధ్రువ నక్షత్రం ఎక్కణ్ణుంచి కనబడుతుందో వెతికాం. నీళ్ళ ట్యాంకు పక్కన, దక్షిణం గోడకి ఆనుకుని నిలబడితే కొండ అంచుకి కాస్త పైన కనబడింది. అక్కడ సున్నంతో ముగ్గు వేసి గుర్తు పెట్టాం. అక్కగారు వచ్చి ఆ గుర్తు మీదే మౌంటు దించారు.

ఫోకస్ కోసం డ్రాయింగ్ చార్టు మీద గీతలు గీసి, బ్లేడుతో సన్నటి చీలికలు కోశాం. దాన్ని బహ్తినోవ్ మాస్కు అంటారు, కనిపెట్టిన రష్యా ఆయన పేరు మీద. దాన్ని టెలిస్కోపు మూతికి పెట్టి ఒక వెలుగు చుక్కని చూస్తే మూడు గీతలు కనబడతాయి. రెండు గీతలు ఇంటూ గుర్తులా ఉంటాయి. మూడోది సరిగ్గా వాటి మధ్యలోంచి పోతే ఫోకస్ కుదిరినట్టు. పక్కకి జరిగితే కుదరనట్టు. పది రూపాయల చార్టు చేసిన పని అది. మాస్కు తీసేసి గొల్లకావిడికి గురిపెట్టాం.

వార్డెన్ మేడమ్ ఆ రాత్రికి ఫ్లడ్ లైటు తీసెయ్యడానికి ఒప్పుకున్నారు. 8.45 నుంచి 11.15 దాకా. స్నానాల గదుల దగ్గరి బల్బులు మాత్రం వెలుగుతూనే ఉన్నాయి. మేం టార్చిలైటుకి ఎర్ర రంగు కాగితం చుట్టుకున్నాం. తెల్ల వెలుతురు పడితే కన్ను మళ్ళీ చీకటికి అలవాటు పడటానికి అరగంట పడుతుంది, ఎర్రదానితో అంత చెడిపోదు.

కెమెరా మామూలుదే, పెళ్ళిళ్ళలో ఫోటోలు తీసే రకం. దానికో ఇబ్బంది ఉంది. మనుషుల ముఖాలు సహజంగా రావాలని ఆ కెమెరాల లోపల ఒక ఫిల్టరు పెడతారు. అది ముదురు ఎరుపులో చాలా భాగం ఆపేస్తుంది. కొందరు ఆ ఫిల్టరు తీయించేస్తారు. అక్కగారిది తీయించలేదు. అందుకే మనకి ఎక్కువ ఫోటోలు కావాలన్నారు.

60 సెకన్ల ఫోటోలు 112 తీశాం. మొదటి ఫోటో కెమెరా వెనక తెర మీద చూశాను. ఆల్నిటాక్ చుక్క బాగా వెలుగుతూ ఉంది. దాని పక్కనే చెట్టు కొమ్మలా ఒక మసక మరక. అది ఫ్లేమ్ నెబ్యులా, వేరే నీహారిక. గుర్రం మాత్రం లేదు. "లేదు మేడమ్" అన్నాను. అక్కగారు "ఉందమ్మా, ఇసుకలో ఉంది" అన్నారు. నాకు అప్పుడు అర్థం కాలేదు.

ఇసుకలోంచి గుర్రాన్ని ఏరడం

ఒక్క ఫోటోని పెద్దది చేసి చూస్తే దాని నిండా ఇసుక చల్లినట్టు రంగురంగుల చుక్కలుంటాయి. దాన్ని నాయిస్ అంటారు. వెలుగు కణాలు వాన చినుకుల్లాగే లెక్క ప్రకారం పడవు, ఒకచోట ఒకటి ఎక్కువ, ఒకచోట ఒకటి తక్కువ పడతాయి. కెమెరా కూడా తనవంతు కొంత గోల కలుపుతుంది. గుర్రం వెలుగు ఆ గోల కంటే తక్కువ. అందుకే కనబడలేదు.

8వ తరగతిలో సైన్స్ మేడమ్ మనందరి చేతా ఒకే బెంచీ పొడవు కొలిపించారు, గుర్తుందా? ఒకళ్ళు ఒక మిల్లీమీటరు ఎక్కువ చెప్పారు, ఒకళ్ళు రెండు తక్కువ చెప్పారు. అందరివీ కలిపి సగటు తీస్తే సరైన కొలతకి బాగా దగ్గరికి వచ్చింది. ఎందుకంటే ఎక్కువ తప్పూ తక్కువ తప్పూ ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయి, బెంచీ మాత్రం అందరికీ ఒకటే.

ఫోటోల్లో చేసేది కూడా అదే. ఇసుక ప్రతి ఫోటోలో వేరే చోట పడుతుంది. గుర్రం ప్రతి ఫోటోలో ఒకే చోట ఉంటుంది. ఫోటోలన్నీ చుక్క మీద చుక్క వచ్చేలా పేర్చి సగటు తీస్తే ఇసుక తగ్గుతుంది, గుర్రం మిగులుతుంది. ఎంత తగ్గుతుందో లెక్క ఉంది. ఫోటోల సంఖ్యకి వర్గమూలం తియ్యాలి. 4 ఫోటోలైతే గోల సగమవుతుంది. 9 అయితే మూడో వంతు. 112 ఫోటోల్లో గాలికి కదిలినవి, ఉపగ్రహం గీత గీసినవి, మంచు పట్టినవి 31 తీసేశాం. 81 మిగిలాయి. వర్గమూలం 9. గోల తొమ్మిదో వంతుకి దిగింది. వర్గమూలాలు ఎందుకూ పనికిరావని ఇక నేను అనను.

ఇంకా రెండు రకాల ఫోటోలు తీశాం. మొదటివి, టెలిస్కోపుకి మూత పెట్టి అదే 60 సెకన్లు తీసినవి 20. వాటిలో ఆకాశం ఉండదు. కెమెరా తనంతట తాను పుట్టించే తప్పుడు చుక్కలు మాత్రమే ఉంటాయి. వాటిని అసలు ఫోటోల్లోంచి తీసివేస్తారు. రెండోవి, తెల్లారేటప్పుడు టెలిస్కోపు మూతికి మా యూనిఫారం తెల్ల చున్నీ ముడతల్లేకుండా కట్టి, తెల్లటి ఆకాశం వైపు పెట్టి తీసినవి. వాటిలో అద్దం మీది దుమ్ము, మూలల్లోని నీడ ఎక్కడెక్కడున్నాయో తెలుస్తుంది. వాటితో భాగిస్తే ఆ మచ్చలు పోతాయి. తీసివేత, భాగహారం, సగటు. కంప్యూటరు చేసిన పని చాలావరకు ఇదే. డీప్‌స్కై స్టాకర్ అనే ప్రోగ్రాము ఇదంతా చేస్తుంది, అది ఉచితంగానే దొరుకుతుంది.

పేర్చడం అయ్యాక తెర మీద చూస్తే మళ్ళీ నలుపే! నాకు ఏడుపొచ్చింది. అప్పుడు అక్కగారు వెలుగును సాగదీశారు. అంటే నలుపుకీ కాస్త తక్కువ నలుపుకీ మధ్య ఉన్న చిన్న తేడాని పెద్దది చేసి చూపించడం. రేడియోలో సన్నగా వినబడే పాటకి సౌండు పెంచినట్టు. మెల్లగా ఎర్రటి తెర లేచింది. దాని అంచున నల్లగా మెడ, నుదురు, మూతి. గదిలో ఎవరూ మాట్లాడలేదు. తరువాత మా క్లాసు అమ్మాయి ఒకతె "ఇది అక్కడే ఉందా, మనం కూర్చున్నంతసేపూ?" అంది.

మరి ఇది బొమ్మ కాదని రుజువేమిటి?

మూడు రుజువులు చెబుతాను.

ఒకటి. నేను అడిగితే మేడమ్ 81 ఫోటోలను రెండు కట్టలు చేశారు. ఒక దానిలో 40, ఒక దానిలో 41. ఒక కట్టలోది ఇంకో కట్టలో లేదు. రెండూ విడివిడిగా పేర్చాం. ఇసుక వల్ల పొరపాటున ఏర్పడిన ఆకారమైతే రెండింట్లో ఒకే చోట, ఒకేలా రాదు. రెండింట్లోనూ గుర్రం వచ్చింది, అదే చోట. గోల మాత్రం ఎక్కువగా ఉంది, ఎందుకంటే ఫోటోలు సగమే గదా.

రెండు. 1888లో కంప్యూటర్లు లేవు. గాజు పలక మీద విలియమీనా ఫ్లెమింగ్ గుర్తించిన నొక్కు ఆల్నిటాక్‌కి ఎంత దూరంలో, ఏ దిక్కున ఉందో, మన ఫోటోలోనూ అంతే దూరంలో, అదే దిక్కున ఉంది. స్కేలు పెట్టి కొలిచాను.

మూడు. పేర్చని ఫోటోలు 81 కూడా సైన్స్ మేడమ్ దగ్గరే ఉన్నాయి. కావలసినవాళ్ళు వచ్చి మొదటినుంచీ మళ్ళీ పేర్చి చూసుకోవచ్చు. పెన్సిలుతో రాసినవాళ్ళు ముందు రావాలని నా కోరిక.

అయితే నిజం దాచకూడదు. మనం చేసిన మార్పు కూడా ఉంది. ఎరుపు ఎంత గాఢంగా ఉండాలి, నలుపు ఎంత నల్లగా ఉండాలి అన్నది అక్కగారు చేత్తో సరిచేశారు. దగ్గరికెళ్ళి కిటికీలోంచి చూసినా మన కంటికి అంత ఎర్రగా కనబడదు. కాబట్టి రంగు మోతాదు మనం పెట్టుకున్నది. ఆకారం మాత్రం మనం పెట్టింది కాదు. పోయినసారి ఫోటో కింద ఈ మాట రాయకపోవడం నా పొరపాటు. ఈసారి రాశాను.

వార్డెన్ మేడమ్ గారికి ఒక మనవి

ఫ్లడ్ లైటు సంగతి చివర్లో చెబుతానన్నాను గదా. ఆ రాత్రి 11.15కి లైటు మళ్ళీ వేశాక కూడా మేం 5 ఫోటోలు తీశాం, తేడా తెలుసుకుందామని. లైటు లేనప్పుడు తీసిన ఫోటో పక్కన పెడితే ఆకాశం నలుపు పోయి బూడిద రంగుకి తిరిగింది. ఇసుకే కాదు, ఇసుక మీద సున్నం పోసినట్టయింది. ఆ 5 పేర్చినా, లైటు లేనప్పటివి 5 పేర్చినా లెక్క ఒకటే కావాలి గదా. కాలేదు. రెండోదాంట్లో ఫ్లేమ్ నెబ్యులా కొమ్మలు కనబడ్డాయి, మొదటిదాంట్లో కనబడలేదు. రెండు ఫోటోలూ ఈ వ్యాసం కింద అంటించాం, చూడండి.

ఆ లైటు ఎందుకు పెట్టారో నాకు తెలుసు. పోయిన వానాకాలం కుళాయిల దారిలో కట్లపాము కనబడింది. 5వ తరగతి చెల్లెళ్ళు రాత్రి బాత్రూముకి వెళ్ళాలంటే భయపడతారు. ఏదైనా జరిగితే మొదట జవాబు చెప్పాల్సింది మేడమే. కాబట్టి లైటు వద్దు అని నేను అనడం లేదు.

నేను అడిగేది రెండే. మొదటిది, లైటు పైన, పక్కలా రేకు తొడుగు పెట్టించండి. ఇప్పుడు ఆ వెలుతురులో కొంత కొండ మీదికి, కొంత ఆకాశంలోకి పోతోంది. పాము ఆకాశంలో రాదు. తొడుగు పెడితే ఆ వెలుతురు కూడా కుళాయిల దారిలోనే పడుతుంది, చెల్లెళ్ళకి దారి ఇంకా బాగా కనబడుతుంది. రెండోది, నెలకి రెండు రాత్రులు, అమావాస్య దగ్గర, 8.30 నుంచి 10.30 దాకా ఆ ఒక్క లైటు తియ్యనివ్వండి. దారి బల్బులు వెలుగుతూనే ఉంటాయి. ఆ రెండు గంటలూ చిన్నపిల్లల్ని బాత్రూములకి తీసుకెళ్ళి తీసుకొచ్చే పని 9వ తరగతి వాళ్ళం వంతులవారీగా చేస్తాం. పేర్లు రాసి, సంతకాలు పెట్టి మేడమ్ గారి టేబులు మీద ఉంచాం.

ఊళ్ళలో ఉన్నవాళ్ళు చీకటి కోసం వంద కిలోమీటర్లు బండి కట్టుకుని మన దగ్గరికి వస్తున్నారు. మనకి లేనివి చాలా ఉన్నాయి. ల్యాబులో మంచి మైక్రోస్కోపు లేదు, లైబ్రరీలో పుస్తకాలు చాలవు. కానీ చీకటి మాత్రం మనకి ఉంది, అది నిండుగా ఉంది. దాన్ని కూడా పోగొట్టుకుంటే ఎలా?

మార్చి దాకా గొల్లకావిడి రాత్రి తొలిజాములో బాగానే కనబడుతుంది. మే నెల వచ్చేసరికి సూర్యుడి వెలుగులో కలిసిపోతుంది. మళ్ళీ చలికాలం దాకా ఆగాలి. అక్కగారు ఇంకోసారి వస్తానన్నారు. మా దగ్గర 81 నిమిషాలున్నాయి. ఇంకో 81 కలిపితే గుర్రం జూలు కూడా కనబడుతుందేమో చూడాలి. రావాలనుకునేవాళ్ళు స్వెట్టరు, దుప్పటి తెచ్చుకోండి. తెల్ల టార్చిలైటు మాత్రం తేవద్దు.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని